ఈ క్లాసు ఎవరి వేగంతో నడుస్తోంది?

ఈమధ్య కంకిపాడులో ఆడపిల్లల చదువుల మీద చిన్న సమావేశం పెట్టుకున్నాం. బడి మానేయడాలు, చిన్న వయసు పెళ్ళిళ్ళు, హాస్టళ్ళలో వేధింపులు, వీటి గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. చివర్లో నేను లేచి ఇంజనీరింగు కాలేజీల్లో ప్రోగ్రామింగు క్లాసు గురించి రెండు మాటలు చెబుతానన్నాను. ఎన్నో ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న ఒక అక్క నవ్వి, "అదొక సమస్యేంటమ్మా? కంప్యూటరు బ్రాంచీల నిండా ఆడపిల్లలే కదా. ఆ గడప దాటినవాళ్ళ గురించి మనం దిగులు పడక్కర్లేదు" అంది. ఆ అక్కంటే నాకు గౌరవం. నేను కాలేజీలో చేరడానికి మా నాన్నని ఒప్పించినవాళ్ళలో ఆమె కూడా ఉంది. అందుకే అప్పుడు జవాబు చెప్పలేక కూర్చున్నాను. ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

గడప దాటిన మాట నిజమే. 2019లో నేను విజయవాడ చుట్టుపక్కల ఒక ప్రైవేటు ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ సైన్సులో చేరాను. మా సెక్షనులో సగంమంది ఆడపిల్లలమే. ఇంట్లోవాళ్ళు మాకు ఆ బ్రాంచి ఎందుకు ఇప్పించారంటే, ఎండలో తిరిగే పని కాదు, ఏసీ గదిలో కూర్చుని చేసే పని, పెళ్ళి సంబంధాలకీ బాగుంటుంది. మెకానికల్ తీసుకుంటానన్న నా స్నేహితురాలికి ఇంట్లో అన్నం పెట్టడం ఒక్కటే మానలేదు. అంటే మేము ఆ బ్రాంచిలోకి ఎవరినో ఎదిరించి వెళ్ళినవాళ్ళం కాదు. గొడవంతా లోపలికి వెళ్ళాక మొదలైంది, అదీ చప్పుడు లేకుండా. అందుకే అది మన సమావేశాల దాకా రావడం లేదు.

పదో తరగతి దాకా జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివాను. ఇంటర్మీడియట్ రెండేళ్ళూ ఎంసెట్ కోసం లెక్కలూ బిట్లూ రుబ్బడంతోనే గడిచిపోయాయి. కంప్యూటరు ముందు నేను మొదటిసారి కూర్చున్నది సి లాంగ్వేజి ల్యాబులోనే. నీలం రంగు తెర. సార్ బోర్డు మీద ప్రోగ్రాము రాసి, "టైపు చేసి రన్ చెయ్యండి" అన్నారు. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నాను. ఫ్లవర్ బ్రాకెట్టు ఎక్కడుందో నాకు దొరికేసరికి పక్క వరసలో ఇద్దరు అబ్బాయిలు మూడో ప్రోగ్రాములో ఉన్నారు. వాళ్ళకి తెలివి ఎక్కువని అప్పుడు అనుకున్నాను. వాళ్ళ ఇళ్ళలో ఎనిమిదో తరగతి నుంచీ కంప్యూటరు ఉందనీ, విజయవాడలో సెలవుల్లో కోచింగుకి వెళ్ళారనీ చాలా రోజుల తర్వాత తెలిసింది.

సారు చెడ్డవారేమీ కాదు. ఆయనకి సిలబస్ పూర్తి చెయ్యాలి. ఎవరో ఒకరు "అయిపోయింది సార్" అనగానే తర్వాతి పాఠంలోకి వెళ్ళేవారు. ఆ "అయిపోయింది సార్" అనేది ఎప్పుడూ ఆ ఇద్దరు ముగ్గురే. క్లాసు మొత్తం వేగం వాళ్ళ వేగమైంది. లూపులు రెండు వారాలు, అరేలు ఒక వారం, పాయింటర్లు ఒక్క వారం. పాయింటర్ల వారంలోనే మా నాయనమ్మ మంచాన పడింది. మూడు రోజులు నేను వెళ్ళలేదు. తమ్ముడు ఇంటర్మీడియట్, వాడి చదువు పాడవకూడదు కదా! తిరిగి వెళ్ళేసరికి స్ట్రక్చర్లు మొదలయ్యాయి. అడిగితే "నోట్సు చూసుకోమ్మా" అన్నారు. నోట్సులో నక్షత్రం గుర్తులూ యాంపర్‌సండ్‌లూ తప్ప ఏమీ లేవు. పాయింటరంటే విలువ కాదు, ఆ విలువ దాచిపెట్టిన చోటు తాలూకు అడ్రసు అని, అంటే ఇల్లు కాదు, ఇంటి నంబరు అని, ఒక్క ముక్క ఎవరైనా చెప్పుంటే సరిపోయేది. అది నాకు రెండేళ్ళ తర్వాత అర్థమైంది. ఈలోగా నా పేరు పక్కన "స్లో" అనే మాట స్థిరపడిపోయింది. ఆ మాట నన్ను ఎవరూ తిట్టినట్టు అనలేదు. జాలిగానే అన్నారు. అదింకా కష్టం.

ఇప్పుడు ఆ "స్లో"ని కొంచెం లెక్క కడదాం. ప్రోగ్రామింగు విని వచ్చేది కాదు, చేస్తే వచ్చేది. ఈత లాంటిది, సైకిలు లాంటిది. గంట పాఠం వింటే నాలుగు గంటలు కూర్చుని తప్పులు చెయ్యాలి. చేసిన తప్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఆ నాలుగు గంటలు ఎవరికి ఉన్నాయి? కాలేజీ ల్యాబు సాయంత్రం నాలుగున్నరకి తాళం వేసేవారు. కాలేజీ బస్సు కదిలేది కూడా అప్పుడే. ఆ బస్సు నన్ను కంకిపాడు సెంటర్లో దింపేది. అక్కడినుంచి మా ఊరికి ఆటో. ఇంటికి చేరేసరికి ఆరున్నర. గిన్నెలు, వంట, మర్నాటికి బియ్యం ఏరిపెట్టడం. అమ్మ పొలం నుంచి వచ్చి గేదె పని చూసుకుంటే ఇంటి పని నాది. తొమ్మిదికి పుస్తకం తెరిస్తే రికార్డు రాయడం మిగిలి ఉండేది. నడిచే ప్రోగ్రామును మళ్ళీ చేత్తో నోటుపుస్తకంలో ఎందుకు ఎక్కించాలో నాకు ఈ రోజుకీ బోధపడలేదు.

2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా మొదటిసారి కాలవినియోగ సర్వే చేసింది. జీతం లేని ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. మళ్ళీ 2024లో చేస్తే 289, 88 వచ్చాయి. ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గినందుకు సంతోషించబోయాను. ఆ పది నిమిషాలు మగవాళ్ళు ఎత్తుకోలేదు, వాళ్ళకీ తొమ్మిది తగ్గాయి! ఈ అంకెలు మన పత్రికలో మనం చాలాసార్లు వాడుకున్నాం. కానీ వీటిని కూలి గురించి, ఆరోగ్యం గురించి వాడతాం గానీ ఒక క్లాసు ఎంత వేగంగా నడుస్తుంది అనే ప్రశ్న పక్కన ఎప్పుడైనా పెట్టామా? రోజుకి మూడు గంటలు ఎక్కువ ఉన్నవాడితో సమానంగా వారం వారం ల్యాబు పరీక్ష రాయమంటే అది సమానత్వమా?

హాస్టల్లో ఉన్నవాళ్ళకైనా సుఖం ఉందా అంటే అదీ లేదు. అబ్బాయిల హాస్టలు గేటు రాత్రి ఎప్పటికో పడుతుంది. వాళ్ళు ఒకరి గదిలో ఒకరు చేరి తెల్లవారుజాము దాకా కోడు రాసుకుంటారు, ఒకరి తప్పు ఒకరు పట్టుకుంటారు. నేర్చుకోవడంలో ముప్పావు భాగం అక్కడే జరుగుతుంది. అమ్మాయిల హాస్టల్లో ఆరింటికి హాజరు, ఆ తర్వాత ఫోను వార్డెను దగ్గర. "మీ మంచికే" అంటారు. యూజీసీ 2015 నిబంధనల్లో భద్రత పేరు చెప్పి ఆడపిల్లల హాస్టళ్ళకి మగపిల్లలతో పోలిస్తే వివక్ష చూపే నియమాలు పెట్టకూడదని స్పష్టంగా రాసి ఉంది. కేరళలో ఒక కాలేజీ హాస్టల్లో సాయంత్రం ఆరునుంచి పదింటిదాకా ఫోన్లు అప్పగించాలని నియమం పెడితే, ఫహీమా షిరిన్ అనే విద్యార్థిని ఒప్పుకోలేదు. హాస్టలు నుంచి పంపేశారు. ఆమె కోర్టుకి వెళ్ళింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యా హక్కులోనూ, 21వ అధికరణం కింద ఉన్న గోప్యతా హక్కులోనూ భాగమేనని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు సంగతి మా కాలేజీలో నాలుగేళ్ళలో ఒక్కరి నోటా వినలేదు.

తర్వాత 2020 మార్చి వచ్చింది. లాక్‌డౌన్‌లో డేటా స్ట్రక్చర్స్ అనే సబ్జెక్టు మొత్తం నేను ఫోనులో చదివాను. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, పొద్దున తమ్ముడికి, మధ్యాహ్నం నాకు. అరచేతిలో తెర మీద వేలితో ప్రోగ్రాము కొట్టడం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వెనక్కి వెళ్ళి ఒక్క సెమీకోలన్ పెట్టి వచ్చేసరికి సార్ స్లైడు మార్చేవారు. ఆ ఏడాది నవంబరులోనే షాద్‌నగర్‌కి చెందిన, ఢిల్లీలో డిగ్రీ చదువుతున్న ఒక అమ్మాయి ఆత్మహత్య చేసుకుందని చదివాం. ఇంటర్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల. తండ్రి మోటారుసైకిళ్ళ మెకానిక్. ఆన్‌లైన్ చదువుకి ల్యాప్‌టాప్ కొనే స్థోమత ఇంట్లో లేదు, స్కాలర్‌షిప్పు డబ్బు అందలేదు. మా అమ్మ ఆ వార్త చదివించుకుని రెండు రోజులు నన్ను ఒంటరిగా వదల్లేదు.

ఇక ప్రాజెక్టుల సంగతి. నాకు అసలు కోపం ఇక్కడే.

మూడో ఏడాది నుంచి బ్యాచీలు కడతారు. మాది నలుగురి బ్యాచి, ఇద్దరు అబ్బాయిలు, ఇద్దరు అమ్మాయిలు. మొదటి రోజే పని పంచుకోవడం అయిపోయింది. "కోడ్ మేం చూసుకుంటాంలే, మీ చేతిరాత బాగుంటుంది, డాక్యుమెంటేషను, పీపీటీ మీరు చెయ్యండి" అన్నారు. ఎవరూ బలవంతం చెయ్యలేదు. మాకూ హాయిగానే అనిపించింది, ఎందుకంటే కోడంటే అప్పటికే భయం పట్టుకుంది. చుట్టూ చూస్తే దాదాపు ప్రతి బ్యాచీలోనూ అదే ఏర్పాటు. ఇంట్లో వంట ఎలా అయితే ఎవరూ చెప్పకుండానే మన చేతికి వస్తుందో, రిపోర్టు అలాగే మా చేతికి వచ్చింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. 1946లో అమెరికాలో ఎనియాక్ అనే మొదటితరం కంప్యూటరుకి ప్రోగ్రాములు రాసింది ఆరుగురు ఆడవాళ్ళు. యంత్రం తయారు చెయ్యడం మగవాళ్ళ గొప్ప పని, దానికి లెక్కలు ఎక్కించడం గుమాస్తా పని అనుకున్నారు కాబట్టి ఆడవాళ్ళకి ఇచ్చారు. ప్రోగ్రాములు రాయడానికి విలువ పెరిగాక అది మగవాళ్ళ పని అయింది, గుమాస్తా పని పేరు మార్చుకుని డాక్యుమెంటేషనై మళ్ళీ మన దగ్గరే ఉంది.

ఆఖరి ఏడాది నేను కొంచెం ధైర్యం చేశాను. మా అమ్మ ఉన్న డ్వాక్రా సంఘం లెక్కలకి ప్రోగ్రాము రాద్దామని అడిగాను. పది మంది సభ్యులు, నెల పొదుపు, బ్యాంకు లోను కిస్తీ, లోపల లోపల ఇచ్చుకునే అప్పులకి నూటికి రూపాయి వడ్డీ. ప్రతి నెలా ఆ పుస్తకం దగ్గర తగాదాలే. ఆ లెక్క నాకు చిన్నప్పటినుంచీ తెలుసు, అందులో ఏం కావాలో తెలుసు. గైడు గారు విని, "దీనికి ఐ-ట్రిపుల్-ఈ బేస్ పేపరు ఏది?" అని అడిగారు. లేదన్నాను. "ఇది ప్రాజెక్టు అనరమ్మా, ఎక్సెల్ షీటు అంటారు" అన్నారు. చివరికి ముఖాలు గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టు ఖాయమైంది. అది మాలో ఒక్కరికీ రాదు. గడువు దగ్గర పడింది. అందరూ చేసినట్టే మేమూ విజయవాడలో ప్రాజెక్టులు అమ్మే షాపుకి వెళ్ళాం. పన్నెండు వేలు. రిపోర్టు కూడా వాళ్ళే ఇస్తారు, పేర్లు మార్చుకోవడమే. నా వాటా మూడు వేలు. అమ్మ ఆ మూడు వేలూ సంఘంలో అంతర్గత అప్పు తీసుకుని ఇచ్చింది. నూటికి రూపాయి వడ్డీకి.

వైవాలో నాకు ఒక్క ప్రశ్న వచ్చింది. "రిపోర్టు నువ్వే చేశావా? నీటుగా ఉంది" అన్నారు.

నాలుగేళ్ళలో నేను స్లో అయితే, ఆ షాపు దాకా వెళ్ళిన క్లాసు మొత్తం ఏమిటి? వేగంగా నడిచిన క్లాసు ఎక్కడికి చేరింది? ముందు వరసలో "అయిపోయింది సార్" అన్న అబ్బాయిల్లో ఒకరు మా బ్యాచీలోనే ఉన్నాడు. అతనూ ఆ షాపులో నా పక్కనే నిలబడ్డాడు. ఈ వేగం ఆడపిల్లలకి చేసిన నష్టం ఎక్కువ, కానీ మగపిల్లలకి మేలు చేసిందని కూడా నేను చెప్పలేను.

దీనికి మార్గం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్సులో చేరేవాళ్ళలో 1995లో ఆడపిల్లలు నూటికి ఏడుగురే. జేన్ మార్గోలిస్, అలన్ ఫిషర్ అనే ఇద్దరు అక్కడి విద్యార్థులతో ఏళ్ళ తరబడి మాట్లాడి చూశారు. ముందే కంప్యూటరుతో ఆడుకుని వచ్చిన అనుభవాన్ని అందరూ తెలివి అనుకుంటున్నారని తేల్చారు. కాలేజీ పద్ధతులు మార్చుకుంది, 2000 నాటికి ఆ సంఖ్య నూటికి 42 అయింది. హార్వీ మడ్ అనే మరో కాలేజీ ఇంకా సులువైన పని చేసింది. మొదటి సెమిస్టరు ప్రోగ్రామింగు క్లాసును రెండుగా విడగొట్టి, ముందు అనుభవం ఉన్నవాళ్ళని ఒక గదిలో, లేనివాళ్ళని ఇంకో గదిలో కూర్చోబెట్టింది. పరీక్ష మార్కులను బట్టి విడగొట్టలేదు, ఇంతకుముందు చేశారా లేదా అన్నదాన్ని బట్టి విడగొట్టింది. నూటికి పది ప్రాంతంలో ఉన్న ఆడపిల్లలు కొద్ది ఏళ్ళలో నలభైకి చేరారు. మన దగ్గర సీట్లలో ఆ కొరత లేదు కాబట్టి వాళ్ళ అంకెలు మనకి అతకవు. అయినా ఆ రెండు గదుల ఉపాయం అతుకుతుంది. మా కాలేజీలో సి లాంగ్వేజికి నాలుగు సెక్షన్లు ఉండేవి. పేర్లను ర్యాంకు వరసలో కాకుండా ఈ ఒక్క ప్రశ్న అడిగి పంచి ఉంటే పైసా ఖర్చు లేదు.

అమెరికా ఎందుకు, మనకి మన ఉదాహరణే ఉంది. నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో బడులు రాత్రిపూట పెట్టారు, ఎందుకంటే ఆడవాళ్ళకి తీరేది అప్పుడే. పాఠాలు వాళ్ళ బతుకుల్లోంచి తీసుకున్నారు. ఆ బడుల్లో చదువుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. 1992కల్లా అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. వేళా, విషయమూ రెండూ ఆడవాళ్ళవి అయినప్పుడు అక్షరాలు ఎంత తొందరగా వచ్చాయో మనలో పెద్దవాళ్ళందరికీ తెలుసు. మా కాలేజీలో ఆ రెండూ మావి కావు.

కాబట్టి ఆ అక్కకి నేను చెప్పదలచుకున్నది ఇది. మన సంఘాలు కాలేజీ యాజమాన్యాల దగ్గరికి వేధింపుల కమిటీ ఉందా అని అడగడానికి వెళుతున్నాయి, మంచిదే. వెళ్ళినప్పుడు ల్యాబు ఎన్నింటికి మూస్తున్నారు, ఆ తర్వాత ఆడపిల్లలు ఇంటికి చేరడానికి బస్సు ఉందా అని కూడా అడగాలి. 2025 ఆగస్టు 15 నుంచి మనకి ఆర్టీసీ బస్సు ఉచితమైంది, కానీ మా ఊరివైపు రాత్రి ఏడు దాటాక ఉచితంగా ఎక్కడానికి బస్సంటూ ఉండాలి కదా. లైబ్రరీలో పుస్తకం ఇచ్చినట్టు ల్యాప్‌టాప్ సెమిస్టరుకి అప్పు ఇస్తారా అని అడగాలి. బ్యాచీలో ప్రతి ఒక్కరూ కొంత కోడు రాసి, అది తమదేనని కూర్చుని చూపించాలనే నియమం పెట్టమనాలి, రిపోర్టు కూడా వంతులవారీగా రాయమనాలి. డ్వాక్రా లెక్క, పాల కేంద్రం లెక్క, కౌలు లెక్క ప్రాజెక్టు ఎందుకు కాదో రాతపూర్వకంగా చెప్పమనాలి.

నేను 2023లో పాసయ్యాను. విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో పని చేస్తున్నాను. మొదటి జీతాలు కూడబెట్టి పాత ల్యాప్‌టాప్ కొన్నాక, ఆ సంఘం ప్రోగ్రాము మొదలుపెట్టి నాలుగు నెలలు రాశాను. మొదటి నెల చూపిస్తే పుస్తకానికీ దానికీ కొద్ది రూపాయల తేడా వచ్చింది. మూడు ఆదివారాలు వెతికాను. సంఘంలో ప్రతి నెలా ప్రతి సభ్యురాలి వడ్డీనీ దగ్గరి రూపాయికి సర్దుతారు, నా ప్రోగ్రాము చివర్లో ఒక్కసారి సర్దుతోంది. అది దొరికిన రోజు నేను పొందిన ఆనందం పట్టా తీసుకున్న రోజు లేదు. ఆ మూడు వారాల్లో సంఘం వాళ్ళెవరూ నన్ను స్లో అనలేదు. "నిదానంగా చూడమ్మా, తప్పు పోతే డబ్బు పోతుంది" అన్నారు.

ఇప్పుడు ఆదివారాలు మా ఊరి చుట్టుపక్కల కాలేజీల్లో చదివే ఐదుగురు అమ్మాయిలు మా ఇంటికి వస్తున్నారు. షాపు అవసరం తగ్గిందట, చాట్‌జీపీటీ రాసిస్తోందట. దాంతో క్లాసు ఇంకా వేగం పుంజుకుందనీ, అర్థం కాలేదని చెప్పడానికి ఇప్పుడు ఇంకా సిగ్గేస్తోందనీ అంటున్నారు. వాళ్ళని తొమ్మిదింటికి రమ్మన్నాను. పదకొండున్నర అయింది, ఇళ్ళలో వంటలు తెమిలేసరికి. ఇప్పుడు మా క్లాసు వేళ పదకొండున్నరే. పోయిన వారం పాయింటర్లు మొదలుపెట్టాం, వచ్చే వారమూ అవే.